సల్ఫో-సాన్‌పా: జెల్ పైపొరకు భేష్, రంధ్రాల లోపలికి అంతంత మాత్రం

పాలీఅక్రిలమైడ్ లాంటి జెల్‌కు కణాలు వాటంతట అవి అంటుకోవు. కణాలు పట్టుకునే ఆర్‌జీడీ లాంటి పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) రసాయనికంగా తగిలించాల్సిందే. ఆ పనికి చాలా ల్యాబుల్లో ముందుగా బయటికి తీసే సీసా సల్ఫో-సాన్‌పా. దీని ఒక కొస యూవీ తగిలితే జెల్‌ను పట్టుకుంటుంది, రెండో కొస పెప్టైడ్‌లోని అమీన్‌ను (నత్రజని ఉన్న గుంపును) పట్టుకుంటుంది. చదును జెల్ మీద ఇంత సులువైన సరుకు మరొకటి కనబడదు. రంధ్రాలున్న మందపాటి జెల్‌కైతే కొనేముందు ఆలోచించండి.

పొడిని మైనస్ 20 డిగ్రీల్లో, చీకట్లో, తేమ తగలకుండా ఉంచాలి. సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి సగం సరుకు అక్కడే చస్తుంది. ముందు పొడిని తేమ లేని డీఎంఎస్‌ఓ ద్రావకంలో కరిగించి, 50 మిల్లీమోలార్ హెపెస్ బఫర్‌లో (పీహెచ్ 8.5) మి.లీ.కు 0.2 నుంచి 0.5 మి.గ్రా. వచ్చేలా కలపండి. ట్రిస్ బఫర్ వద్దు, దాని అమీన్లే పెప్టైడ్ చోటును కాజేస్తాయి. క్రయోజెల్ (గడ్డకట్టించి చేసే రంధ్రాల జెల్) అయితే స్పాంజిలా మెల్లగా నొక్కి వదిలితే ద్రావణం లోపలికంటా పోతుంది. పైన నిలిచిన ద్రావణం తీసేసి, పళ్లెం మూత తీసి, ఐసు మీద పెట్టి 365 నానోమీటర్ల దీపం కింద 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. నారింజ రంగు ముదురు గోధుమకు తిరిగితే పని జరిగినట్టు.

ఇక్కడి నుంచి గడియారంతో పోటీ. పీహెచ్ 8.6 దగ్గర, 4 డిగ్రీల్లో కూడా అమీన్‌ను పట్టుకునే ఎస్టర్ కొస సగం పాడవడానికి పది నిమిషాలు చాలు. కాబట్టి చల్లటి బఫర్‌తో గబగబా రెండుసార్లు కడిగి, వెంటనే పెప్టైడ్ పోయాలి. రాత్రంతా నానబెట్టడం అలవాటే గానీ, అసలు పని మొదటి గంటలోనే అయిపోతుంది.

అసలు లోపం రంగులోనే ఉంది. ఈ మందే యూవీని మింగేస్తుంది, పైగా రంధ్రాల గోడలు వెలుతురును చెదరగొడతాయి. మెరిసే రంగు కట్టిన పెప్టైడ్‌తో చేసి, జెల్‌ను అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద చూడండి: అంచు వెలుగుతుంది, నడిమి భాగం నల్లగానే ఉంటుంది. కణాలూ ఆ అంచు దగ్గరే ఆగిపోతాయి. 1 మి.మీ. లోపు పలుచటి ముక్కలుగా కోసి, రెండు వైపులా వెలుతురు చూపిస్తే కొంత నయం.

రెండో బెడద కడగడం. రంధ్రాల్లో చిక్కుకున్న విడి పెప్టైడ్ కణాల ఇంటిగ్రిన్లను (అంటుకోవడానికి వాడే ప్రోటీన్లను) ముందే ఆక్రమిస్తుంది, దాంతో అవి గోడకు అంటవు. ఫలితం చూసి పెప్టైడ్ చాలలేదనుకుని ఇంకా పోసేవాళ్లున్నారు! నొక్కుతూ, బఫర్ మారుస్తూ ఒక రోజంతా కడగాలి. పోలిక కోసం ఆర్‌జీఈ పెప్టైడ్ (కణాలు పట్టుకోని జోడీ) తగిలించిన జెల్ పక్కన ఉండాలి. మొదటి రెండు మూడు గంటలు సీరం లేకుండా కణాలు వేయాలి, లేకపోతే సీరంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అంటుకుని లెక్క తారుమారు చేస్తాయి.

మందపాటి జెల్ కావాలంటే అక్రిలేట్-పెగ్-ఆర్‌జీడీని (జెల్‌లో కలిసిపోయే కొస ఉన్న ఆర్‌జీడీని) గడ్డకట్టించే ముందే మోనోమర్‌లో (జెల్‌గా మారే ముడి ద్రావణంలో) కలపడం మేలు. 1 మిల్లీమోలార్ దగ్గర మొదలుపెట్టండి. కొంత పెప్టైడ్ గోడల లోపలే పూడిపోయి వృథా అవుతుంది గానీ, నడిమి వరకూ సమంగా ఉంటుంది. చదును జెల్‌కు సల్ఫో-సాన్‌పాకు ఐదుకు నాలుగున్నర, మందపాటి రంధ్రాల జెల్‌కు రెండు.