ఎల్స్విక్ హాపర్ రోడ్‌స్టర్: ఆరేళ్ళు తొక్కాక నా రివ్యూ

షాపుకెళ్ళి కొనుక్కునే సైకిలు కాదు కాబట్టి ఈ రివ్యూ ఎవరికి పనికొస్తుందో నాకే తెలీదు, కానీ ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు కొందరు కార్ బూట్ సేల్స్‌లో (జనం కారు డిక్కీల్లో పాత సామాను తెచ్చి అమ్ముకునే సంతలు) పాత సైకిళ్ళు చూసి "అరె, అచ్చం మా తాత సైకిల్లా ఉందే" అని ఆగిపోతుంటారు, నేనూ అలా ఆగిపోయినవాణ్ణే, వాళ్ళ కోసం రాస్తున్నా.

మేం హల్ పక్కన హెజిల్‌లో ఉంటాం. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున్న 35 పౌండ్లిచ్చి కొన్నా. 28 అంగుళాల చక్రాలు, రాడ్డు బ్రేకులు, పెద్ద స్ప్రింగుల సీటు, వెనక మడ్‌గార్డ్ చివర తెల్ల రంగు వేసిన ఆనవాలు (మన ఊళ్ళో సైకిళ్ళకి ఆ తెల్ల ముక్క ఎందుకుంటుందో నాకు చిన్నప్పుడు తెలీదు, రాత్రిపూట వెనకాల వచ్చేవాళ్ళకి కనపడాలని ఇక్కడ పెట్టిన పద్ధతే అక్కడికీ వచ్చింది). ఎవరో మహానుభావుడు గేటుకి వేసే ఆకుపచ్చ పెయింటు మిగిలిపోతే మొత్తం దీనికే పూసేశాడు, చైన్ మీద కూడా. ముందు బ్యాడ్జి ఉండాల్సిన చోట రెండు చిల్లులు తప్ప ఏం లేవు. మా ఆవిడ చూసి "ఏవండీ, ఇది మాత్రం ఇంట్లోకి రాదు, ముందే చెప్తున్నా" అంది. వీడియో కాల్‌లో నాన్నేమో "లండన్ దాకా వెళ్ళి మా నాన్న సైకిలు కొన్నావేంట్రా" అని ఒకటే నవ్వు. ఆయనకి ఇంగ్లండ్ మొత్తం లండనే.

ఇక ఇది ఏ కంపెనీదో కనిపెట్టడం ఒక పెద్ద కథ. పెడల్స్ మీద ఫిలిప్స్ అని ఉంది, క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మీద విలియమ్స్ అని ఉంది, వెనక హబ్ (చక్రం నడిమి డబ్బా, గేర్లు అందులోనే) స్టర్మీ ఆర్చర్, సీటు బ్రూక్స్. మొదటి వారం నేను ఫిలిప్స్ సైకిలు కొన్నానని అందరికీ చెప్పుకున్నా. తర్వాత తెలిసిందేంటంటే బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల, నాటింగ్‌హామ్‌లో ఉండే ఈ కంపెనీలన్నీ దేశంలో సైకిళ్ళు కట్టే ప్రతివాడికీ పార్టులు అమ్మేవి, చిన్న ఊళ్ళో సైకిల్ షాపువాడు కూడా ఫ్రేము ఒకచోట, క్రాంకు ఒకచోట, హబ్బు ఒకచోట తెప్పించుకుని బిగించి తన పేరు బ్యాడ్జి కొట్టుకునేవాడు. టైరు మీద ఎంఆర్‌ఎఫ్ అని ఉంటే బండి ఎంఆర్‌ఎఫ్ అయిపోదు కదా, అంతే. పార్టు మీద పేరు చూసి సైకిలు పేరు చెప్పేవాణ్ణి నమ్మకండి, వాడు నేనైనా సరే.

హబ్ మాత్రం పనికొచ్చింది. స్టర్మీ ఆర్చర్ వాళ్ళు హబ్ మీదే సంవత్సరం, నెల కొట్టేవాళ్ళు. పెయింటు గీకితే ఏడబ్ల్యూ అని (హబ్ మోడల్ పేరు), దాని దగ్గర 53 అని కనపడింది, అంటే 1953. అయితే అది హబ్ పుట్టిన సంవత్సరం, సైకిల్ది కాకపోవచ్చు, చక్రం మార్చేసి ఉండొచ్చు. నా దాంట్లో ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక 40 ఉన్నాయి, అది పాత ఇంగ్లీషు పద్ధతి, రెండు రిమ్ములూ ఒకే తుప్పు, ఒకే వయసు, కాబట్టి జత విడిపోలేదనే అనుకున్నా. సీటు కింద ఫ్రేము మీద నంబరు ఉంది కానీ దాంతో నాకేం తేలలేదు.

అప్పుడు సీటు కింద నిలువు పైపు మీద పని మొదలెట్టా. హెయిర్ డ్రయర్‌తో వేడి చేయడం, పాత బ్యాంకు కార్డు పెట్టి మెల్లగా గీకడం, తడిగుడ్డతో తుడవడం. పాత పెయింటులో సీసం ఉంటుంది కాబట్టి మాస్క్ పెట్టుకోండి, ఎమరీ పేపరేసి పొడిగా రుద్దొద్దు. అడుగున అసలు నల్ల ఎనామిల్ బట్టీలో కాల్చి వేసింది, రాయిలా ఉంటుంది, పైన గేటు పెయింటు మాత్రం పెచ్చులూడింది. నాలుగో రోజు రాత్రి బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు ఆరు బయటపడ్డాయి. హంబర్!

నా ఆనందం చెప్పలేను. హంబర్ అంటే మామూలు పేరు కాదు, నాటింగ్‌హామ్ దగ్గర బీస్టన్‌లో థామస్ హంబర్ పెట్టిన పాత కంపెనీ, ఆ సైకిళ్ళ ముందు ఫోర్కు చూస్తే ఒక్కో వైపు రెండేసి సన్న పైపులుంటాయి, దాన్ని బట్టే దూరం నుంచి గుర్తుపడతారు. నా ఫోర్కుకి మామూలుగా ఒక్కో పైపే ఉంది. ఎవరో మార్చి ఉంటారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. అంతటితో ఆగానా, ఆ రాత్రే ఆన్‌లైన్‌లో 18 పౌండ్లు పెట్టి హంబర్ బ్యాడ్జి ఆర్డర్ పెట్టా. అది వచ్చాక చూస్తే దాని చిల్లులకీ నా చిల్లులకీ పొంతనే లేదు. అయినా బుద్ధి రాలేదు.

బుద్ధి వచ్చింది క్రాంకు కప్పు (క్రాంకుల ఇరుసుని పట్టుకునే, ఫ్రేములోకి మరతో బిగించే గిన్నె) విప్పినప్పుడు. ఇది కొంచెం టెక్నికల్, ఓపిక పట్టండి, పాత ఇంగ్లీషు సైకిలు గుర్తుపట్టడానికి నాకు దీన్ని మించిన పరీక్ష కనపడలేదు. రాలీ కంపెనీ నాటింగ్‌హామ్‌లో తయారుచేసిన ఫ్రేముల్లో కప్పుల మర అంగుళానికి 26 చుట్లు, మిగతా ఇంగ్లీషు కంపెనీలన్నీ మామూలుగా 24 చుట్లు. రాలీ వాళ్ళు 1932లో హంబర్ సైకిళ్ళని, 1943లో రడ్జ్‌ని, 1957లో బీఎస్ఏ సైకిళ్ళని కొనేశారు, అంటే 53 నాటి హంబర్ అయితే అది పేరుకి హంబర్, పుట్టింది రాలీ ఫ్యాక్టరీలో, మర 26 ఉండాలి. నా దగ్గర మర గేజ్ పెట్టి చూస్తే 24. మూడు సార్లు పెట్టి చూశా. 24 అంటే 24. (కుడివైపు కప్పు ఎడమ మర, అంటే విప్పాలంటే బిగించే వైపు తిప్పాలి, ఇది తెలీక నేను అరగంట దాన్ని ఇంకా గట్టిగా బిగించా.)

మళ్ళీ హెయిర్ డ్రయర్ తీశా. హంబర్ అన్న మాటకి ముందు ఇంకా పెయింటు ఉంది, అది గీకలేదు, నాకు కావాల్సింది దొరికింది కదా అని వదిలేశా. గీకితే ముందు "ఆన్" అని వచ్చింది, దానికి ముందు "బార్టన్" అని వచ్చింది. బార్టన్ ఆన్ హంబర్. అది కంపెనీ పేరు కాదండీ, ఊరి పేరు. మా ఇంటి నుంచి హంబర్ వంతెన కనపడుతుంది, ఆ వంతెన అవతలి కొసన ఉన్న ఊరే బార్టన్. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, అదన్నమాట. పైన ఇంకాస్త గీకితే ఎల్స్విక్ హాపర్ అని సగం సగం కనపడింది. ఫ్రెడ్ హాపర్ అనే ఆయన 1880లో ఆ ఊళ్ళో మొదలెట్టిన వ్యాపారం, పెద్ద ఫ్యాక్టరీ అయ్యింది, వేరే వాళ్ళ పేర్లతో కూడా బోలెడు సైకిళ్ళు కట్టిచ్చింది, అందుకే ఇవి ఇంకా ఎన్ని ఏ పేర్లతో తిరుగుతున్నాయో. వెటరన్ సైకిల్ క్లబ్ అని 1955 నుంచి ఉంది, ఒక్కో కంపెనీ గురించి తెలిసిన వాళ్ళుంటారు, అందులో ఒక పెద్దాయనకి ఫోటోలు పంపిస్తే హాపరే అన్నాడు, "రంగు వేయించకు బాబూ" అని ఒక ముక్క కూడా రాశాడు.

అసలు విషయం ఇదే. అప్పటికే నేను ఒక షాపువాడితో మాట్లాడి పెట్టుకున్నా, ఇసకతో కొట్టి మొత్తం పెయింటు లేపేసి పౌడర్ కోటింగ్ వేస్తాడు, శనివారం తీసుకురమ్మన్నాడు. ఆ శనివారం వాన పడకపోతే ఇదంతా దుమ్ములో కలిసిపోయేది, నేను ఈపాటికి మెరిసిపోయే నల్ల సైకిలు మీద తప్పు బ్యాడ్జి అతికించుకుని హంబర్ అని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. అందుకే నా సైకిలు ఇప్పటికీ గజ్జి పట్టినట్టే ఉంటుంది. నల్ల ఎనామిల్ అక్కడక్కడా పోయింది, బంగారు గీతలు కొన్నిచోట్ల ఉన్నాయి, మూలల్లో గేటు పచ్చ ఇంకా పట్టుకునే ఉంది. పైన మైనం రుద్దుతా, అంతే.

మిగతా ఓవరాయిలింగ్ గురించి గబగబా చెప్తా. రిమ్ముల తుప్పు ఆక్జాలిక్ యాసిడ్ నీళ్ళలో నానబెడితే పోయింది (గ్లవ్స్ వేసుకోండి, పిల్లలకి దూరంగా పెట్టండి). బాల్స్ అన్నీ కొత్తవి వేశా. కాటర్ పిన్నులు (క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే మేకులు) మాత్రం ఏడిపించాయి, కింద ఇనప గొట్టం ఆనించకుండా సుత్తితో కొడితే మొదటిది వంగి కూర్చుంది, చివరికి డ్రిల్ వేసి తీయాల్సొచ్చింది. టైర్ల దగ్గర ఇంకో మోసం ఉంది, 28 అని ఆర్డర్ పెడితే 622 మిల్లీమీటర్ల టైర్లు వచ్చాయి, దానికి కావాల్సింది 28 ఇంటు ఒకటిన్నర, అంటే 635. ఇక్కడా దొరుకుతాయి కానీ అది మన ఊళ్ళో పాల సైకిలు సైజే కదా, ఆ ఏడాది ఇండియా వెళ్ళినప్పుడు రాజమండ్రిలో రెండు టైర్లు, బ్రేకు రబ్బర్లు, డజను కాటర్ పిన్నులు కొనుక్కుని సూట్‌కేసులో ఆవకాయ పక్కన పెట్టుకొచ్చా. టైర్లు బాగానే ఉన్నాయి. పిన్నులు మెత్తగా ఉన్నాయి, ఆకురాయితో రుద్ది సరిచేసి వాడినా ఏడాదికోసారి మార్చాలి.

ఇప్పుడు తొక్కడం ఎలా ఉంటుందంటే, బరువు 20 కిలోల దాకా ఉంటుంది, మేడ మెట్లెక్కించే పని ఉంటే కొనకండి. హల్ చుట్టుపక్కల నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది, కానీ గాలి మాత్రం ఎదురు కొండే. ముందు 46 పళ్ళు, వెనక 18 ఉండేవి, ఆ గాలిలో మోకాళ్ళు అరిగిపోయాయి, వెనక 22 పళ్ళది వేశాక ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క మార్పు ఎవరైనా చేసుకోవచ్చు, పాతది డబ్బాలో దాచుకుంటే చాలు.

హబ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మూడు గేర్లు, లోపల 20 పళ్ళ సూర్యుడు (పళ్ళచక్రాలకి పెట్టిన పేర్లే ఇవి) నడిమధ్య కదలకుండా, దాని చుట్టూ నాలుగు గ్రహాలు తిరుగుతూ, బయట 60 పళ్ళ వలయం. అందుకే పై గేరు మూడో వంతు ఎక్కువ, కింది గేరు నాలుగో వంతు తక్కువ. రెండు, మూడు గేర్లలో టిక్ టిక్ అంటుంది, ఒకటో గేరులో నిశ్శబ్దం. ఆరేళ్ళలో నేను దాన్ని విప్పింది ఒక్కసారి, అదీ ఊరికే చూద్దామని, లోపల అరుగుదల ఏం కనపడలేదు. నెలకోసారి నూనె చుక్కలు వేస్తే అదే తిండి. కాకపోతే రెండు, మూడు గేర్ల మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ ఒకటుంది, కేబుల్ కొంచెం వదులైతే అందులో పడతాం. నేను లేచి నిలబడి తొక్కుతుంటే పెడల్ ఒక్కసారి గాల్లోకి జారిపోయింది, హ్యాండిలు ఛాతీకి గుద్దుకుని రెండు వారాలు దగ్గితే నొప్పి. అందుకే కుడివైపు నట్టుకి ఉన్న చిన్న కిటికీలోంచి చూసుకోవాలి, రెండో గేరులో పెట్టినప్పుడు లోపలి కడ్డీ కొస యాక్సిల్ కొసకి సమానంగా ఉండాలి. నెలకోసారి చూస్తే చాలు, పది సెకన్ల పని.

బ్రేకులు ఎండలో ఫర్వాలేదు. వానలో లేవనే అనుకోండి. స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు జారిపోతుంది, మొదటి వానకే ఒక జంక్షన్‌లో లైను దాటి కారు ముందు ఆగా, ఆ డ్రైవరు తిట్టిన తిట్లు మా ఆవిడకి చెప్పలేదు. అప్పట్నుంచి వాన పడితే సైకిలు షెడ్డులోనే. పిల్లలకి, ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకెళ్ళేవాళ్ళకి నేనైతే ఇవ్వను. సీటు పాత తోలు చీలిపోయింది, కొత్త బ్రూక్స్ బీ66 వేశా, మొదటి మూడు నెలలు బండరాయి, తర్వాత దిగాలనిపించదు.

పోయినేడు మే నెలలో వంతెన మీదుగా దీన్ని బార్టన్ తీసుకెళ్ళా. వంతెన 1981లో తెరిచారు, మధ్య స్పాన్ 1,410 మీటర్లు, 1998 దాకా ప్రపంచంలో అదే పెద్దది. ఈ సైకిలు కట్టిన రోజుల్లో ఇటు రావాలంటే న్యూ హాలండ్ నుంచి ఫెర్రీ ఎక్కాలి. మధ్యలో పక్క గాలికి ఒకసారి దిగి నడిచా. బార్టన్‌లో టీ తాగి, గోడకి ఆనించి ఫోటో తీసుకుని వచ్చేశా, కాటర్ పిన్ను ఒకటి లూజైతే దార్లోనే బిగించుకున్నా.

ఆ హంబర్ బ్యాడ్జి ఇంకా డ్రాయర్లోనే ఉంది. నిజం హంబర్ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే, ముందు మర లెక్కపెట్టుకుని అడగండి, పోస్టు ఖర్చులు కూడా నేనే పెట్టుకుంటా.