“ప్రీమియం ప్లగిన్లు ఫ్రీ” అంటే ఆగండి: నా నర్సరీ సైట్‌కి జరిగింది చదివి అడ్వాన్స్ ఇవ్వండి

వర్డ్‌ప్రెస్‌లో (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైట్ చేయించుకుందామనుకుంటున్న చిన్న వ్యాపారులు, ముఖ్యంగా మన నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు వాళ్లు, దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మాది నల్లగొండ దగ్గర బత్తాయి నర్సరీ, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు అమ్ముతాం. రెండేళ్ల కింద ఒక డిజైనర్ దగ్గర 22 వేలు పెట్టి ఆర్డర్లు తీసుకునే సైట్ చేయించుకున్నా. “నలభై వేల విలువైన ప్రీమియం థీమ్, ప్లగిన్లు ఫ్రీగా వేసిస్తున్నా అన్నా” అన్నాడు. థీమ్ అంటే సైట్ రూపం, ప్లగిన్ అంటే సైట్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్. అవి ఎక్కడ కొన్నాడు, ఎవరి పేరు మీద ఉన్నాయి అని నేను అడగలేదు, అడగాలని కూడా నాకు తెలియదు.

ఈసారి మృగశిర కార్తె రాగానే, సరిగ్గా మొక్కల బుకింగులు వచ్చే రోజుల్లో, దేవరకొండ వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. “సార్, గూగుల్ల మీ పేరు కొడితే ఏందో చైనా రాతలొస్తున్నయి, నొక్కితే చెప్పుల దుకాణం తెరుసుకుంటున్నది” అన్నాడు. నా ఫోన్‌లో అడ్రస్ కొట్టి చూస్తే సైట్ మామూలుగానే ఉంది, ఆయన ఫోన్‌లోనే ఏదో తేడా ఉందనుకుని వదిలేశా. రెండు వారాల్లో ఇంకో ఇద్దరు అదే మాట చెప్పాక అప్పుడు గూగుల్‌లో వెతికి చూశా. జపాన్ భాషలో బూట్లు, బ్యాగుల పేజీలు, వందల కొద్దీ, అన్నీ మా నర్సరీ అడ్రస్ కిందే. సైట్‌లో దూరిన ఈ రకం దొంగ కోడ్ గూగుల్ నుంచి వచ్చినవాళ్లకే ఆ పేజీలు చూపిస్తుందట, నేరుగా వచ్చే ఓనర్‌కి అసలు సైటే కనిపిస్తుంది, అందుకే తొందరగా బయటపడదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా అక్క కొడుకు ఆదివారం వచ్చి లోపలికి వెళ్లి చూశాడు. ఫొటోలు ఉండే అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. అంట్ల ఫొటోలు, కవర్లలో మొక్కల ఫొటోలు, వాటి మధ్యలో పీహెచ్‌పీ అని ముగిసే ఒక చిన్న ఫైల్. “మామా, ఇక్కడ బొమ్మలు తప్ప కోడ్ అనేది ఉండకూడదు” అన్నాడు. తర్వాత యూజర్ల పేజీ తెరిస్తే పైన అడ్మిన్లు 3 అని ఉంది, కింద లిస్టులో ఇద్దరమే కనిపిస్తున్నాం. మూడోవాడు కనబడకుండా దాక్కున్నాడు. అది చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అందులో మాకు ఆర్డర్ ఇచ్చిన రైతుల పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. కార్డు వివరాలు పేమెంట్ కంపెనీ పేజీలోనే కొట్టేవి కాబట్టి మా దగ్గర లేవు, అదొక్కటే ఊరట. మర్నాడే అందరికీ మెసేజ్ పెట్టా, మా పేరుతో ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వొద్దని.

ఇదంతా ఎక్కడి నుంచి మొదలైందంటే, ఆ ఫ్రీ ప్లగిన్లు నల్డ్ కాపీలు, అంటే లైసెన్స్ అడిగే భాగాన్ని పీకేసి నెట్‌లో పంచేవి. వాటితో రెండు ప్రమాదాలు. ఒకటి, పంచేవాడే లోపల దొంగ కోడ్ పెట్టి ఇస్తాడు. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ (హాని చేసే దొంగ ప్రోగ్రామ్) ఇలా నల్డ్ థీమ్‌లు, ప్లగిన్లతోనే విపరీతంగా పాకింది, పైగా అది ఒకే హోస్టింగ్‌లో, అంటే సైట్ ఫైళ్లు పెట్టుకునే అద్దె చోటులో, ఉన్న పక్క సైట్లకూ అంటుకుంటుంది. రెండోది, వాటికి అప్‌డేట్ రాదు. నాకు రెండేళ్లూ డ్యాష్‌బోర్డులో అప్‌డేట్లు ఏమీ లేవనే చూపించేది, అంతా బాగుందని నేను నిశ్చింతగా ఉన్నా. నిజానికి కొత్త వెర్షన్ ఉందా అని అడిగే కోడ్‌నే తీసేశారు. మా ఆర్డర్ ఫామ్ ప్లగిన్‌లో ఫైల్ ఎక్కించే చోట ఉన్న లోపాన్ని తయారుచేసినవాళ్లు ఏడాది కిందే సరిచేశారు, ఆ మందు మా దాకా రాలేదు.

నల్డ్ కాని అసలైన మంచి ప్లగిన్లలో లోపాలు రావా అంటే, వస్తాయి. 2024 ఆగస్టులో 50 లక్షలకు పైగా సైట్లలో ఉన్న లైట్‌స్పీడ్ క్యాష్ (సైట్ తొందరగా తెరుచుకునేలా చేసే ప్లగిన్)లో బయటివాడు అడ్మిన్ అయిపోగలిగే లోపం బయటపడింది, 6.4 వెర్షన్‌లో సరిచేశారు, అప్‌డేట్ వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. 2014లో స్లైడర్ రివల్యూషన్ అనే, ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి జరిగేలా చూపించే ప్లగిన్ పాత వెర్షన్ల వల్ల లక్షకు పైగా సైట్లకు సోక్‌సోక్ మాల్‌వేర్ పట్టింది, అందులో చాలామందికి ఆ స్లైడర్ థీమ్‌తో కలిసి వచ్చింది, తమ సైట్‌లో అది ఉందనే తెలియదు. అందుకే లిస్టు అడగండి అంటున్నా: ఏ ప్లగిన్లు వేశావు, లైసెన్స్ ఎవరి పేరు మీద, ఎప్పటి దాకా. వాట్సాప్‌లో రాయించుకోండి. రాసివ్వను అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇంకొకటి, వాడని ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేసి ఊరుకోకండి, పూర్తిగా డిలీట్ చేయండి. 2020లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా ఫైల్ ఎక్కించే లోపం బయటపడింది, అది 7 లక్షలకు పైగా సైట్లలో ఉండేది. ఆపేసినా సరే, ఆ ప్లగిన్ ఫైళ్లు సర్వర్‌లో ఉన్నంతవరకు దారి తెరిచే ఉంది. మా సైట్‌లో ఇలా ఆపేసి వదిలేసినవి తొమ్మిది దొరికాయి.

మావాడు సైట్ మొత్తం తీసేసి వర్డ్‌ప్రెస్ కొత్తగా వేశాడు, ఫొటోలు ఒక్కొక్కటి చూసి ఎక్కించాడు, డేటాబేస్, హోస్టింగ్, అడ్మిన్ పాస్‌వర్డ్లన్నీ మార్చాడు. ఇప్పుడు ప్లగిన్లు ఆరే ఉన్నాయి, అన్నిటికీ ఆటో అప్‌డేట్ పెట్టాం.

డిజైనర్‌కి ఫోన్ చేస్తే “నేను అప్పగించినప్పుడు బాగానే ఉంది కదా అన్నా” అని పెట్టేశాడు. మా హోస్టింగ్‌లోనే అతను పెట్టిన ఒక రైస్ మిల్లు సైట్, ఒక ఫంక్షన్ హాల్ సైట్ ఉన్నాయి. గూగుల్‌లో చూశా, వాటి కింద కూడా అవే జపాన్ రాతలు. ఇద్దరికీ నేనే ఫోన్ చేసి చెప్పా. మిల్లు ఆయన నమ్మలేదు, తన ఫోన్‌లో సైట్ బాగానే కనిపిస్తోందట.