ఆరేళ్ళుగా నా దగ్గరున్న 450 హెలికాప్టర్: ఐదు నిమిషాలు గాలిలో, అరగంట బల్ల మీద

మా వీధి పిల్లలు దీన్ని ఇప్పటికీ డ్రోన్ అనే అంటారు. కాదని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. డ్రోన్ అయితే రిమోట్ వదిలేసినా గాలిలో ఉన్నచోటే నిలబడుతుంది. ఇది అలా కాదు. రెండు సెకన్లు ధ్యాస మళ్ళితే చాలు, ఎటో ఒకవైపు ఒరుగుతుంది, ఒరిగిన వైపే పరుగు తీస్తుంది. ఆ తేడా తెలియకుండా కొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నాది రిమోట్‌తో ఎగరేసే 450 శ్రేణి విద్యుత్ మోడల్ హెలికాప్టర్ (450 అన్నది సైజును చెప్పే పేరు). ఒక్కో బ్లేడు పొడవు 325 మిల్లీమీటర్లు, బ్లేడ్లు తిరిగే వలయం అడ్డుకొలత దాదాపు 70 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు ముప్పావు కిలో. మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్) సామర్థ్యమున్న లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ మీద నడుస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ శ్రేణిలో చాలా యంత్రాలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, విడిభాగాలు కూడా చాలావరకు ఒకదానివి ఇంకొకదానికి సరిపోతాయి. కాబట్టి ఇక్కడ చెప్పేది ఏ పేరుతో కొన్నా వర్తిస్తుంది.

నేను తెనాలి దగ్గర ఉంటాను, జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆ పాఠం కాస్త ఇక్కడా చెప్పక తప్పదు, ఎందుకంటే దీన్ని బొమ్మ అనుకునే భ్రమ లెక్క వేస్తే తప్ప పోదు. బ్లేడ్లు నిమిషానికి 2,800 సార్లు తిరుగుతున్నాయనుకోండి, బ్లేడు కొన సెకనుకు వంద మీటర్ల పైచిలుకు, అంటే గంటకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బ్లేడు బరువు 35 గ్రాములే, కానీ ఆ వేగంలో అది తనను పట్టి ఉంచిన బోల్టును యాభై కిలోలకు మించిన బలంతో బయటికి లాగుతుంది. ఒక సిమెంటు బస్తాను ఆ చిన్న బోల్టుకు వేలాడదీసినట్టు. వెనక తోక బ్లేడ్లు వేలెడంతే, కానీ అవి నిమిషానికి పదకొండు, పన్నెండు వేల చుట్లు తిరుగుతాయి, తిరిగేటప్పుడు కంటికి కనబడవు. 2013లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో, ఇంతకన్నా పెద్ద మోడల్ హెలికాప్టర్ ఎగరేస్తూ దాని బ్లేడు తగిలి 19 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. అతను అనుభవం లేనివాడేమీ కాదు. ఆ సంగతి నేను కొన్న తరువాత చదివాను. ముందే చదవాల్సింది.

నాకు తగిలిన దెబ్బ మాత్రం మైదానంలో తగల్లేదు, ఇంట్లో బల్ల మీద తగిలింది. కొన్న నాలుగో నెల. పిచ్ కోణం, అంటే బ్లేడు ఎంత వాలుగా ఉందో సరిచూద్దామని కొలిచే గేజు బిగించి, బ్యాటరీ కలిపి, రిమోట్‌లో కర్ర (స్టిక్) పైకీ కిందికీ జరుపుతున్నాను. మోటారు తీగలు మూడూ విప్పి పెట్టాలని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. ఐదు నిమిషాల పనికి ఎందుకులే అనుకున్నాను. మోచెయ్యి తగిలి ఒక స్విచ్ మారింది. హెలికాప్టర్ బల్ల మీద నుంచి లేచి గోడ మీది క్యాలెండరును చీల్చి నా ముంజేతి మీదుగా పోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. క్యాలెండరులో చిరిగిన ఆ నెలను మా ఆవిడ ఇప్పటికీ దాచిపెట్టింది. కొత్త విడిభాగం ఏదైనా కొంటానంటే మాట్లాడకుండా తెచ్చి చూపిస్తుంది.

ఆ రోజు నుంచి బల్ల మీద ఏ పని చేసినా ముందు మోటారు తీగలు విప్పుతాను. సులువుగా ఊడేందుకు వాటికి బుల్లెట్ కనెక్టర్లే ఉంటాయి, అర నిమిషం పని. ప్రధాన బ్లేడ్లు కూడా తీసేస్తాను.

రెండో అలవాటు త్రోటిల్ హోల్డ్. కర్ర ఏ స్థానంలో ఉన్నా మోటారును ఆపేసి, బ్లేడ్ల కోణం మీద మాత్రం మనకు పట్టు మిగిల్చే స్విచ్ ఇది. నా రిమోట్‌లో ఆ స్విచ్‌కు ఎర్ర టేపు చుట్టాను. బ్యాటరీ కలిపే ముందు హోల్డ్ వేసి ఉండాలి. మోసుకెళ్ళి నేల మీద పెట్టి, పదిహేను అడుగులు వెనక్కి నడిచి, చుట్టూ చూసి, అప్పుడే హోల్డ్ తీయాలి. దిగగానే మళ్ళీ హోల్డ్. బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా దగ్గరికి పోను. గాలిలో ఏదైనా తేడా వచ్చినప్పుడు కూడా ముందు వేలు పోవాల్సింది అక్కడికే. నా మొదటి మూడు పతనాల్లో నేను హోల్డ్ వేయలేదు. నేలకు తగిలాక కూడా మోటారు తిరుగుతూనే ఉండి, మెయిన్ గేర్ పళ్ళన్నీ రాలగొట్టింది. నాలుగోసారి మిరపచేను గట్టు మీద పడబోతుంటే హోల్డ్ వేశాను. రెండు బ్లేడ్లు, వాటి గ్రిప్‌లను కలిపే సన్నని ఇరుసు (ఫెదరింగ్ షాఫ్ట్) ఒకటి, అంతటితో పోయింది. నాకైతే ఆ ఒక్క స్విచ్ మూడు వేల రూపాయల తేడా తెచ్చింది.

రిమోట్ ముందు వేయాలి, చివర ఆపాలి. హెలికాప్టర్ బ్యాటరీ దానికి సరిగ్గా తలకిందులు, చివర కలపాలి, ముందు తీయాలి. రిమోట్‌లో సరైన మోడల్ పేరే ఉందా అని ఒకసారి చదువుకోవాలి. నా రిమోట్‌లోనే ఒక థర్మోకోల్ విమానం అమరికలు కూడా ఉన్నాయి. ఆ అమరికలతో హెలికాప్టర్‌కు బ్యాటరీ కలిపితే ఏ కర్ర ఏం చేస్తుందో చెప్పలేం. సిగ్నల్ తెగితే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకున్నారో లేదో కూడా, రిమోట్ ఆపి చూసుకోవాలి. ఈ ఒక్క పరీక్షకు మాత్రం మోటారు తీగలు ఉంచి, ప్రధాన బ్లేడ్లూ తోక బ్లేడ్లూ తీసేయాలి.

ఇక ఎక్కడ ఎగరేయాలి అన్నది. డెల్టాలో ఖాళీ పొలం దొరకడం మీరనుకున్నంత సులువు కాదు. వరి కోసేముందే మినుములు చల్లేస్తారు కాబట్టి సంక్రాంతికి కూడా నేల ఖాళీగా ఉండదు. మినుము తీశాక, ఏప్రిల్, మే నెలల్లోనే నాకు మైదానం దొరికేది. పొద్దున్నే ఆరింటికి వెళ్ళి ఎనిమిదిలోపు వచ్చేస్తాను. ఆ తరువాత ఎండ, వేడిగాలి, పశువులు, మనుషులు. కోసిన వరి మోళ్ళ మీద నేరుగా దింపితే తోక బ్లేడ్లు వాటికి తగులుతాయి. మొదట్లో ధాన్యం ఆరబోసే పట్టా ఒకటి పరిచాను. పైకి లేస్తుంటే గాలికి దాని మూల లేచి హెలికాప్టర్ కింద కాళ్ళలా ఉండే స్కిడ్‌కు చుట్టుకుంది. ఇప్పుడు మూడడుగుల ప్లైవుడ్ చెక్క మోసుకెళ్తున్నాను. పక్క పొలం బాబాయి ఒకసారి దగ్గరికొచ్చి, "మాస్టారూ, దీంతో మందు కొట్టొచ్చా?" అని అడిగాడు. "కొట్టలేం బాబాయ్, అంత బరువు మోయదు, ముందు నువ్వు ఆ గట్టు దాటి నిలబడు" అన్నాను. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను గానీ, ఇప్పుడు తనే పిల్లల్ని గట్టు అవతల కూర్చోబెడుతున్నాడు.

నిబంధనల గురించి రెండు ముక్కలు. 2021 డ్రోన్ నియమావళిలో 25 కిలోలకు మించకుండా, వినోదానికో చదువుకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసేవాటిని మోడల్ విమానాలుగా విడిగా నిర్వచించారు. వాటికి టైప్ సర్టిఫికెట్, అంటే ఆ నమూనాకు ఇచ్చే ఆమోదపత్రం, అక్కర్లేదు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటైన డిజిటల్ స్కైలోని పటంలో కనిపిస్తుంది. నిజానికి 450 హెలికాప్టర్ 200 అడుగులు దాటితే ముక్కు ఎటుందో తోక ఎటుందో మనకే అర్థం కాదు.

బ్యాటరీల దగ్గర నేను చాలా డబ్బు తగలేశాను. లైపో సెల్ నిండితే 4.2 వోల్టులు. వాడకుండా ఉంచాల్సి వస్తే 3.8 దగ్గర ఉంచాలి. నిండా ఛార్జి చేసి వారం తరువాత చూసుకుందాం అనుకుంటే మన ఎండలకు అది అప్పడంలా పొంగుతుంది. మొదటి వేసవిలో మూడు బ్యాటరీలు అలాగే పొంగాయి, అందులో ఒకటి మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో ఉండి పొంగింది. ఎగిరేటప్పుడు సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకూడదు. అందుకే రిమోట్‌లో ఐదు నిమిషాలకు గంట మోగేలా పెట్టాను, మే నెలలో నాలుగున్నరకే. దింపాక బ్యాటరీ చేతికి వేడిగా తగిలితే చల్లారేదాకా ఛార్జి పెట్టను. ఛార్జింగ్ 2.2 ఆంపియర్ల దగ్గరే, పెరట్లో సిమెంటు గచ్చు మీద, మట్టి కుండలో, పక్కన ఇసుక బకెట్‌తో, నేను అక్కడే కుర్చీ వేసుకుని. పెట్టెతో వచ్చిన ఛార్జర్ మూడో నెలకే చచ్చింది, దాని మీద నాకు కోపం ఏమీ లేదు. సెల్లులను సమం చేసే మంచి ఛార్జర్ కొనడానికి అదే కారణమైంది.

ఇప్పుడు బల్ల పని. నాకు ఈ యంత్రం మీద ఇష్టం పుట్టింది ఇక్కడే, ఎగరేయడం దగ్గర కాదు. ఎక్కడ ఏది వదులైనా అది ఏదో ఒక రూపంలో ముందే చెబుతుంది. గాలిలో నిలిపి ఉంచినప్పుడు తోక ఫిన్ కొస మసకగా రెండుగా కనిపిస్తే, ఎక్కడో ఒక షాఫ్ట్ వంగింది లేదా బేరింగ్ అరిగింది. పక్క నుంచి చూస్తే బ్లేడ్లు రెండూ ఒకే గీతలో కాకుండా రెండు గీతల్లో తిరుగుతుంటే ట్రాకింగ్ తప్పింది. ఒక బ్లేడు కొసకు రంగు టేపు అంటించి, ఏది పైన ఉందో చూసి, దాని లింకును (కోణాన్ని మార్చే చిన్న కడ్డీని) అర చుట్టు తిప్పి సరిచేస్తాను. కిర్రుమనే చప్పుడొస్తే మెయిన్ గేర్. కొత్త గేర్ పెట్టినప్పుడు మోటారుకున్న చిన్న పళ్ళచక్రానికీ (పినియన్) దానికీ మధ్య దినపత్రిక కాగితం ముక్క పెట్టి నొక్కి బిగిస్తే సరైన సందు వస్తుంది. బయటికి తిప్పి తీసినప్పుడు కాగితం మీద పళ్ళ ముద్రలు పడాలి గానీ చిరగకూడదు.

బ్లేడు బోల్టు ఎంత బిగించాలో ఏ పుస్తకం నాకు అర్థమయ్యేలా చెప్పలేదు. హెలికాప్టర్‌ను పక్కకు తిప్పి పట్టుకుంటే బ్లేడు తనంతట తాను వాలిపోకూడదు, కొంచెం కుదిపితే మాత్రం కదలాలి. అంతే. పతనం తరువాత ఫెదరింగ్ షాఫ్ట్‌ను తీసి అద్దం మీద దొర్లించి చూస్తాను. వంకర ఉంటే వెలుతురు సందులోంచి కనిపిస్తుంది. సుత్తితో సరిచేద్దామని చూడకండి, కొత్తది వేయండి. కార్బన్ బ్లేడు మొదలు దగ్గర సన్నని చీలిక కనిపించినా అంతే. నేను అలాంటివి విరగ్గొట్టి పారేస్తాను, లేకపోతే నెల తరువాత "ఇంకొక్కసారి" అనిపిస్తుంది.

బ్లేడును పట్టి ఉంచే గ్రిప్‌లో, బయటికి లాగే బలాన్ని కాసే థ్రస్ట్ బేరింగ్ గురించి ఒక మాట. అందులో ఉన్న రెండు ఉంగరాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని రంధ్రం కాస్త పెద్దది. పెద్ద రంధ్రం ఉన్నది హబ్ (మధ్యభాగం) వైపు, చిన్నది బయటి వైపు. నేను తిరగేసి పెట్టి రెండు వారాలు ఎగరేశాను, బ్లేడు కోణం మార్చే చిన్న మోటార్లు, అంటే సర్వోలు ఎందుకు మూలుగుతున్నాయో అర్థం కాలేదు. లోహం లోహంలోకి వెళ్ళే ప్రతి స్క్రూకూ అది వదులు కాకుండా పట్టే నీలం రంగు జిగురు (థ్రెడ్‌లాక్) చుక్క వేయాలి, ప్లాస్టిక్ దగ్గరికి మాత్రం అది రానివ్వకూడదు, పెళుసెక్కుతుంది. చవక హెక్స్ స్క్రూడ్రైవర్లు కొనకండి. 1.5 మిల్లీమీటర్ల స్క్రూ తల ఒకసారి అరిగితే దాన్ని తీయడానికి ఒక ఆదివారం పోతుంది.

మెయిన్ షాఫ్ట్‌కూ, తోకలో జారే స్లైడర్‌కూ కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే పొలం దుమ్మంతా అక్కడే చేరుతుంది. వర్షాకాలం నాలుగు నెలలు వాడకపోతే బేరింగులు తుప్పు పడతాయి. వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు తెలుస్తుంది. శుభ్రం చేసి వాడొచ్చని చెప్పేవాళ్ళున్నారు, తోక బేరింగుల విషయంలో నేను ఆ సాహసం చేయను.

ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. నేను కొన్నప్పుడు ఇది ఫ్లైబార్‌తో, అంటే బ్లేడ్లతో పాటు తిరుగుతూ నిలకడనిచ్చే అడ్డకడ్డీతో వచ్చింది. మూడో ఏట తీసేసి, ఆ పనిని ఎలక్ట్రానిక్‌గా చేసే ఫ్లైబార్‌లెస్ గైరో పెట్టించాక గాలిలో బాగా కుదురుకుంది. అయితే ఆ గైరోను స్వాష్‌ప్లేట్‌కు (సర్వోల కదలికను తిరిగే బ్లేడ్లకు చేర్చే పళ్ళేనికి) సరిపెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. నేల మీద ఉండగా హెలికాప్టర్‌ను చేత్తో ముందుకు వంచితే స్వాష్‌ప్లేట్ వెనక్కి వంగాలి. ఈ ఒక్కటి సరిచూసుకోకుండా ఎగరేస్తే లేచిన క్షణంలోనే బోర్లా పడుతుంది. విడిభాగాలు రావడానికి ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఫెదరింగ్ షాఫ్ట్‌లు, మెయిన్ గేర్లు, తోక బ్లేడ్లు రెండేసి జతలు ముందే కొని ఉంచుకుంటున్నాను.

ఎవరికి పనికొస్తుంది? పదేళ్ళ పిల్లవాడికి పుట్టినరోజు కానుకగా అయితే వద్దే వద్దు. పెద్దవాళ్ళయినా ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద కనీసం రెండు నెలలు సాధన చేయండి. ముక్కు మన వైపు తిరిగి ఉన్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, చేతివేళ్ళు ఆ తికమకను ఇంట్లోనే దాటాలి. నేను సిమ్యులేటర్ ముందు కూర్చున్నది మూడో పతనం తరువాత. మొదటి నెల స్కిడ్ల కింద కర్రలు అడ్డంగా కట్టుకుని, మోకాలి ఎత్తులోనే తిప్పండి. ఇది నచ్చనివాళ్ళకు 250 గ్రాముల లోపు చిన్నవి ఉన్నాయి, దెబ్బలూ ఖర్చులూ తక్కువ, అయితే కాస్త గాలి వీచినా అవి నిలవవు.

నా దానికి తోక బ్లేడ్లను తిప్పే బెల్టు పళ్ళు అరగడం మొదలైంది. గత వారం తోక అదిరినట్టు అనిపించి ఐదు నిమిషాల గంట మోగకముందే దింపేశాను, విప్పి చూస్తే రెండు పళ్ళు సగం కోసుకుపోయి ఉన్నాయి. కొత్త బెల్టు ఇంకా రాలేదు. బ్యాటరీలు 3.8 దగ్గర పెట్టి కుండలో ఉంచాను.