పాత క్రోమ్‌బుక్‌లో లినక్స్: ఆర్‌డబ్ల్యూ లెగసీయా, పూర్తి ఫర్మ్‌వేరా?

గూగుల్ అప్‌డేట్లు ఆగిపోయిన ఇంటెల్ క్రోమ్‌బుక్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది. మిస్టర్‌క్రోమ్‌బాక్స్ అనే స్క్రిప్టు దాని ఫర్మ్‌వేర్‌ను, అంటే ఆన్ చేయగానే మెషిన్‌ను లేపే ప్రోగ్రామును, మారుస్తుంది. దానితో క్రోమ్‌బుక్‌లో లినక్స్ ఎక్కించడానికి ముఖ్యంగా రెండు దారులు.

ఆర్‌డబ్ల్యూ లెగసీలో అసలు ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది, బూట్ చేసే అదనపు భాగం ఒక్కటే మారుతుంది. మూత విప్పక్కర్లేదు. కానీ ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర వస్తుంది, కంట్రోల్, ఎల్ కలిపి నొక్కాలి. తెలియనివాళ్లెవరైనా స్పేస్, ఆ తర్వాత ఎంటర్ నొక్కారా, డెవలపర్ మోడ్ (వేరే సిస్టం నడపనిచ్చే సెట్టింగు) పోతుంది, లినక్స్ లేవదు. ఈ టెన్షన్ రోజూ ఉండేదే.

పూర్తి యూఈఎఫ్‌ఐ (మామూలు పీసీల్లో ఉండే రకం) ఫర్మ్‌వేర్ వేస్తే క్రోమ్‌ఓఎస్ పోయి, మామూలు ల్యాప్‌టాప్ అవుతుంది. కష్టమంతా ముందే. రైట్ ప్రొటెక్ట్ (ఫర్మ్‌వేర్‌ను మార్చనివ్వని తాళం) తీయాలి: పాత మోడళ్లలో చాలావాటికి మదర్‌బోర్డు మీద ఒక స్క్రూ, తర్వాతి వాటిలో ఎక్కువగా బ్యాటరీ కనెక్టర్ విప్పాలి. బ్యాటరీ విప్పితే మెషిన్ ఛార్జర్ మీదే నడుస్తుంది. ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోయిందంటే నల్ల తెరే. అప్పుడు చిప్పులోకి ఫర్మ్‌వేర్‌ను నేరుగా రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్, దాన్ని చిప్పుకు తగిలించే క్లిప్పు కొనాలి. కొన్ని చిప్పులు 1.8 వోల్టులవి, వాటికి అడాప్టర్ కూడా.

అయినా నా ఓటు పూర్తి ఫర్మ్‌వేర్‌కే, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు ఇచ్చే మెషిన్ అయితే. అసలు ఫర్మ్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసి, ఛార్జర్‌ను ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గులో పెట్టాకే మొదలుపెట్టండి.