థాయ్‌లాండ్ ప్యాకేజీ టూర్లలో షాపింగ్ స్టాపులు: ఏళ్లుగా వెళ్లొచ్చాక నా రివ్యూ

బ్యాంకాక్-పట్టాయా ప్యాకేజీల్లో ఇంట్లోవాళ్లతో, చుట్టాలతో కొన్నేళ్లుగా వెళ్లొస్తున్నాను. హోటళ్ల గురించి, కోరల్ ఐలాండ్ బోటు గురించి రివ్యూలు బోలెడున్నాయి, కాబట్టి నేను షాపింగ్ గురించే రాస్తున్నాను. ఆ ఒక్క భాగానికి 5కి 2.

ఐటినెరరీలో "జెమ్స్ ఫ్యాక్టరీ విజిట్" అని ఉంటుంది, టికెట్ ఉండదు. నేను వెళ్లిన ఏ టూర్‌లోనూ గైడ్ దాన్ని మాత్రం వదిలిపెట్టలేదు. గుమ్మంలోనే చొక్కాకి స్టిక్కర్ అంటిస్తారు, ఎవరి గ్రూపు ఎంత కొన్నదో బిల్లు దగ్గర తెలియాలి కదా. గనుల మీద చిన్న వీడియో, తర్వాత రాళ్లు సానపట్టేవాళ్లు, ఆ తర్వాత పెద్ద హాలు, కౌంటర్లన్నీ దాటితే గానీ బయటికి దారి ఉండదు, పైగా ఒక్కో కుటుంబం వెంట ఒక్కో సేల్స్ అమ్మాయి, హిందీ గడగడా మాట్లాడుతుంది. జాతిరాళ్ల మీద మనవాళ్లకున్న నమ్మకం వాళ్లకు బాగా తెలుసు, రాశి అడిగి మరీ కెంపో పుష్యరాగమో తీసి చూపిస్తారు. ఒకసారి మా గ్రూపులో ఒక పెద్దాయన "ఆలోచించుకుంటానమ్మా" అని లేవబోతే నిలబడ్డచోటే ధర రెండుసార్లు తగ్గింది. అలాంటప్పుడు అసలు ధర ఎంతని అనుకోవాలి?

గైడ్‌ని తిట్టి లాభం లేదు. టూర్ ధర బాగా తగ్గించి అమ్మడం, ఆ లోటు షాపుల కమీషన్‌తో పూడ్చుకోవడం, చవక టూర్ల లెక్కే అది. చైనా టూరిస్టుల విషయంలో ఇది ఎంత ముదిరిందంటే బలవంతపు షాపింగ్‌తో నడిచే చవక టూర్లను చైనా 2013లో చట్టం తెచ్చి నిషేధించింది, 2016లో థాయ్‌లాండ్ ప్రభుత్వం కూడా ఇలాంటి "జీరో డాలర్" టూర్ల (దాదాపు ఊరికే తీసుకెళ్లి, షాపింగ్ కమీషన్‌తో రాబట్టుకునేవి) మీద పడింది.

నాకు డబ్బు కన్నా టైమ్ గురించే ఎక్కువ బాధ. రాళ్ల షాపు, లెదర్ షాపు, తేనె షాపు అయ్యేసరికి సగం రోజు పోతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అక్కడే అలిసిపోతారు, ఇక చతుచక్ వీకెండ్ మార్కెట్‌కి ఓపిక ఎక్కడిది?

సొంతంగా తిరిగినా పూర్తిగా తప్పదు. గ్రాండ్ ప్యాలెస్ బయట ఎవరో మర్యాదగా వచ్చి "ఇవాళ మూసేశారు" అంటారు, చవగ్గా తిప్పుతానని టుక్‌టుక్ వాడు తీసుకెళ్లేది మళ్లీ రాళ్ల షాపుకే. నేరుగా గేటు దాకా వెళ్లి చూసుకోండి. గొడవైతే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155.

బుక్ చేసేటప్పుడే "షాపింగ్ స్టాపులు లేకుండా ఎంత?" అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. కాస్త ఎక్కువైనా నేనైతే అదే కడతాను. బట్టలకు బ్యాంకాక్ ప్రతునామ్‌లోని ప్లాటినం మాల్ బాగుంటుంది, చాలా షాపుల్లో మూడు పీసులు తీసుకుంటే హోల్‌సేల్ ధర ఇస్తారు. ఎండు మామిడి, బామ్‌ల లాంటివి బిగ్ సి సూపర్‌మార్కెట్‌లో కొనండి, ధర చీటీ మీదే ఉంటుంది, బేరం టెన్షన్ లేదు. వ్యాట్ రీఫండ్ (కొన్నవాటి మీద కట్టిన పన్ను టూరిస్టులకు తిరిగివ్వడం) బోర్డున్న ఒకే షాపులో ఒకే రోజు 2,000 బాట్‌లు దాటితే పాస్‌పోర్ట్ చూపించి ఫారం అక్కడే రాయించుకోండి, కొన్నవాటి విలువ మొత్తం 20,000 బాట్‌లు, ఆపైన ఉంటే ఎయిర్‌పోర్టులో బ్యాగు చెక్-ఇన్‌లో వేయకముందే కస్టమ్స్‌ దగ్గర చూపించాలి. 7 శాతం పన్ను మొత్తం మాత్రం చేతికి రాదు, ఖర్చులు పట్టుకునే ఇస్తారు.