ఎడమా కుడీ ఉన్న స్కీలు: ఎలాన్ రిప్‌స్టిక్ 96తో ఒక రోజు

అమ్మాయిని స్కీ పాఠాలకు దింపి లాడ్జిలో కాఫీ తాగుతూ కూర్చోవడం విసుగనిపించి, ముప్పై తొమ్మిదో ఏట నేనూ నేర్చుకున్నాను. పుట్టి పెరిగింది తణుకులో. మంచంటే ఫ్రిజ్ పైఅరలో పేరుకునేదే అప్పటిదాకా తెలుసు. ఇప్పుడు నలభై అయిదు. బ్లూ రన్లు, అంటే మధ్యరకం వాలున్న స్కీ దారులు, ధైర్యంగానే దిగుతాను, నల్ల వజ్రం గుర్తున్న కష్టమైనవి మా అమ్మాయి రెచ్చగొడితేనే. నేను చెప్పేదంతా ఆ లెక్కలోనే వినండి.

ఆరేళ్ళుగా నాకున్నవి సెకండ్‌హ్యాండ్ స్కీలు, పాదం కింద 76 మిల్లీమీటర్ల వెడల్పు. గ్రూమ్ చేసిన, అంటే యంత్రంతో నున్నగా చదును చేసిన రన్ మీద వాటికి వంక పెట్టలేం. అరడుగు కొత్త మంచు పడిందా, ముక్కులు లోపలికి దిగబడిపోతాయి. మా వాషింగ్టన్ రాష్ట్రంలో పడేది పొడిపొడి మంచు కాదు. పసిఫిక్ మీదుగా వచ్చే తడి గాలి కాస్కేడ్ కొండలకు తగిలి కురిసే నీళ్ళ మంచు. ఇక్కడివాళ్ళు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. అందులో సన్న స్కీ తిప్పాలంటే తడి ఇసుకలో సైకిలు తొక్కినట్టే. అందుకే ఏ మంచుకైనా పనికొచ్చే ఆల్-మౌంటెన్ స్కీ ఒకటి చూద్దామనుకున్నాను. కొనే ముందు ఒక రోజు అద్దెకు తెచ్చుకుని చూడమని అందరూ చెప్పేదే.

మార్చిలో ఒక బుధవారం. నేను సెలవు పెట్టాను, అమ్మాయికి స్కూలు లేదు. ముందు రోజు సాయంత్రం మా ఊళ్ళోని అద్దె షాపులో రిప్‌స్టిక్ 96 తీసుకున్నాను, 164 సెంటీమీటర్ల పొడవు, దాదాపు నా ఎత్తు. 96 అంటే పాదం దగ్గర వెడల్పు, మిల్లీమీటర్లలో. కౌంటర్ దగ్గర కుర్రాడు బరువు, ఎత్తు, వయసు అడిగి, బూటు అడుగు కొలత చూసి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగించాడు. పడ్డప్పుడు బూటు ఊడి రావాలా వద్దా అనేది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది, కాబట్టి బరువు దగ్గర అబద్ధమాడకండి. నేను మొదటి రెండేళ్ళూ ఆడాను.

చేతిలోకి తీసుకోగానే తెలిసింది తేలిక. కార్ పార్కింగ్ నుంచి కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దాకా భుజాన మోసుకెళ్ళే ఆ పది నిమిషాలు ఎప్పుడూ నాకు శిక్షే. ఈసారి మధ్యలో ఆగలేదు.

వెళ్ళింది క్రిస్టల్ మౌంటెన్ అనే స్కీ రిసార్ట్‌కి. ఇనమ్‌క్లా దాటి 410 హైవే మీద, మా ఇంటి నుంచి రెండు గంటల పైచిలుకు. కింద 4,400 అడుగుల దగ్గర సగం వాన, సగం మంచు. గొండోలా (కేబుల్ కారు) ఎక్కి 6,800 అడుగులు దాటేసరికి మబ్బు కిందే ఉండిపోయింది, ఎదురుగా 14,410 అడుగుల రైనియర్ పర్వతం. ఎన్నిసార్లు చూసినా నోట మాట రాదు. రాత్రి ఆరంగుళాలు పడింది.

మొదటి రన్ గ్రీన్ వ్యాలీ. దిగుతుంటే ఏదో తేడా. స్కీ వాల్చుతున్నాను, అంచు మంచును పట్టినట్టే పట్టి జారిపోతోంది. ఇంత పొగిడారు, ఇదేనా అనుకున్నాను. లిఫ్ట్ దగ్గర మా అమ్మాయి నా కాళ్ళ వైపు చూసి పగలబడి నవ్వింది. "అమ్మా, చెప్పులు తిరగేసి వేసుకున్నావ్!"

నిజమే. ఈ స్కీలకు ఎడమా కుడీ ఉంటాయి, వాటి మీద రాసే ఉంటుంది. మామూలు స్కీలు ఏది ఏ కాలికైనా ఒకటే, కాబట్టి చూడాలని తట్టనే లేదు. షాపులోనూ ఎవరూ చెప్పలేదు. నర్సరీ పిల్లలా బైండింగులు విప్పి మార్చుకున్నాను.

ఇందులో కిటుకు ఇది. నేల మీద పెడితే మామూలు స్కీ మధ్యభాగం విల్లులా కాస్త పైకి లేచి ఉంటుంది. దాని మీద నిలబడితే విల్లు అణిగి అంచు పొడవునా మంచును పట్టుకుంటుంది. కొన్ని స్కీలకు ముక్కు ముందునుంచే నావ ముక్కులా పైకి లేచి ఉంటుంది. అవి మెత్తటి మంచులో తేలతాయి, తేలిగ్గా తిరుగుతాయి, గట్టి మంచు మీద పట్టు మాత్రం తక్కువ. ఎలాన్ వాళ్ళు ఒకే స్కీలో లోపలి అంచుకు విల్లు గుణం, బయటి అంచుకు నావ గుణం ఇచ్చారు. మలుపులో బరువంతా మోసేది బయటి కాలి స్కీ, దాని లోపలి అంచు. తిరగేసుకుంటే జారక ఏం చేస్తుంది?

మార్చుకున్నాక రెండో రన్ లక్కీ షాట్. అక్కడ నాకు సంతోషం వేసింది. మలుపు మొదలుపెట్టడానికి పెద్దగా ప్రయత్నమే అక్కర్లేదు. పాదం వాలిస్తే చాలు, స్కీ దారి పడుతుంది. గ్రూమ్ చేసిన చోట నా పాత స్కీలంత గట్టిగా కొరకదు, కానీ భయపెట్టలేదు. రన్ పక్కన ఎవరూ తొక్కని మంచులోకి వెళ్ళాను. ఇన్నేళ్ళూ నా ముక్కులు మునిగింది ఇలాంటి చోటే. ఈసారి అవి పైనే ఉన్నాయి. వెనక్కి వాలి తొడలు మండించుకోవాల్సిన పని లేకుండా, మామూలుగా నిలబడి దిగాను. అమ్మాయి కోసం నేను ఆగడం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

మధ్యాహ్నం లిఫ్ట్ మీద తిందామని జేబులో పెట్టుకున్న చపాతీ చుట్ట చలికి అట్టముక్కయింది. అది నమలలేక అమ్మాయికి పురాణం చెప్పాను. ఈ కంపెనీది స్లొవేనియాలోని బెగున్యే అనే ఊరు. నడుము సన్నంగా, ముందూ వెనకా వెడల్పుగా ఉన్న స్కీలను 90ల మొదట్లో తెచ్చినవాళ్ళలో వీళ్ళు ముందున్నారు. స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ 86 వరల్డ్ కప్ రేసులు గెలిచింది ఎలాన్ మీదే. ఆ రికార్డును 2023లో అమెరికా స్కీ రేసర్ మికేలా షిఫ్రిన్ దాటింది. షిఫ్రిన్ పేరు వినగానే అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసింది, అంతకుముందు చెప్పిందేదీ వినలేదని అప్పుడర్థమైంది.

రెండు దాటాక కథ మారింది. జనం తొక్కీ తొక్కీ, ఎండకు కరిగీ మంచు దున్నిన మడిలా ముద్దలు ముద్దలైంది. బరువైన స్కీ అలాంటి ముద్దల్ని చీల్చుకుని పోతుంది. ఇంత తేలికైనది వాటి మీద ఎగురుతుంది. ఏ తేలిక స్కీకైనా ఉండే గుణమే ఇది. వేగం తగ్గించి చిన్న మలుపులు వేస్తే సర్దుకుంది. మలుపులు లేకుండా తిన్నగా వేగంగా దూసుకెళ్ళేవాళ్ళు లోహం రేకులున్న బరువైన స్కీ చూసుకోవడం మేలు. నాది ఆ రకం కాదు. నాకు కావలసింది మూడున్నరకి కూడా మోకాళ్ళు పనిచేయడం. అవి పనిచేశాయి, ఇంకో రెండు రన్లు వేశాం.

అద్దె 60 డాలర్లు. అక్కడే కొంటే ఆ డబ్బు ధరలో తగ్గిస్తామన్నారు. కొత్తవి బైండింగ్ కాకుండానే 700 పైమాట, కాబట్టి సీజన్ చివర్లో ధర తగ్గేదాకా ఆగుతున్నాను. గట్టి ఐసున్న ఉదయాలకు పాత 76లు గరాజ్‌లోనే ఉంటాయి. కొన్నాక మొట్టమొదట చేసే పని మాత్రం తేలిపోయింది. ఎడమదాని ముక్కు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఇంత పెద్ద బొట్టు పెడతాను.