పొందూరు నేత అని చెప్పి బనియన్ గుడ్డ పంపుతున్నారు, దానితో బిడ్డను వీపున కట్టుకోకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మలందరికీ, ముఖ్యంగా బిడ్డను వీపున కట్టుకుని పని చేసుకుందామని బేబీ ర్యాప్ వెతుకుతున్నవాళ్లకి ఈ మాట చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఒక పేజీ "పొందూరు చేనేత ర్యాప్, వంద శాతం కాటన్" అని 2,400 రూపాయలకి అమ్ముతోంది. నేను తెప్పించాను. వచ్చింది నేత బట్టే కాదు. బనియన్లు కుట్టే అల్లిక గుడ్డ మీద నేత చీర అంచులా రంగు అచ్చు వేసి పంపారు. ఫొటోలో ఆ తేడా ఎవరికీ కనబడదు.

డబ్బు సంగతి తర్వాత. మా బాబుకి ఎనిమిదో నెల, బాగా కూర్చుంటున్నాడు. మంచం అంచున కూర్చుని, మా అత్తమ్మని వెనక నిలబెట్టుకుని కట్టుకున్నాను. ముడి గట్టిగానే ఉంది. గోడ మీద బల్లి కనబడితే వాడు ఒక్కసారి వెనక్కి విరుచుకున్నాడు. గుడ్డ కూడా వాడితోపాటే సాగింది. నడుం దాకా బయటికి వచ్చేశాడు. "గుంటడు జారిపోతన్నాడు, ఆగమ్మా ఆగు" అంటూ అత్తమ్మ రెండు చేతులా పట్టుకుంది. దెబ్బేమీ తగల్లేదు, కానీ ఒంటరిగా ఉన్న తల్లికి ఇదే జరిగితే పట్టుకునేదెవరు?

నేత బట్టలో పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డ పోగులూ, ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. పొడవునా లాగినా అడ్డంగా లాగినా సాగదు, ఏటవాలుగా లాగితే మాత్రం కొద్దిగా ఇస్తుంది. అందుకే మంచి నేత ర్యాప్ బిడ్డ ఒంటికి అమరుతుంది, బరువుకి మాత్రం లొంగదు. అల్లిక గుడ్డలో దారమంతా ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది, ఎటు బరువు పడితే అటు తెరుచుకుంటుంది. సాగే ర్యాప్‌లు అసలు ఉండకూడదని కాదు. చంటిపిల్లల్ని గుండెకి ఆనించి ముందువైపు కట్టుకోవడానికి అవి బాగుంటాయి, తయారు చేసే చాలా కంపెనీలే వీపున కట్టొద్దని చెబుతాయి కూడా. ముందున్న బిడ్డ జారితే మన కంటపడుతుంది, చెయ్యి అడ్డం పెడతాం. వీపు మీద ఆ వీలు లేదు. సీతంపేట వైపు సంతకి పిల్లల్ని గుడ్డతో కట్టుకుని వచ్చే తల్లుల్ని చూస్తుంటాం కదా, వాళ్లు కట్టుకునేది సాగని బట్ట. ఈ పేజీ వాళ్లు సాగే గుడ్డకి నేత అని పేరు పెట్టి, వీపున బిడ్డను కట్టుకున్న ఫొటోతో అమ్ముతున్నారు.

పొందూరు పేరు వాడుకోవడం నాకు ఇంకా మండిన విషయం. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో సన్ననూలు వడికే ఊరది. ఆ సన్న ఖద్దరు పంచెలకీ చీరలకీ పేరు పొందింది. ఎదిగిన బిడ్డ బరువు మోయడానికి అంత పల్చటి బట్ట పనికిరాదు, భుజాలు కోసుకుపోతాయి. అందుకని "సన్న కౌంటు (సన్నటి నూలు) పొందూరు ర్యాప్" అని ఎవరన్నా అంటే అక్కడే ఆగండి. ఖాదీ అని అమ్మేదానికి 2013 నిబంధనల ప్రకారం ఖాదీ మార్క్ ఉండాలి. నాకొచ్చిన పార్సిల్‌లో మార్కూ లేదు, బిల్లూ లేదు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇద్దరు చెరో చివర పట్టుకుని పొడవునా గట్టిగా లాగండి, సాగి మళ్లీ ముడుచుకుంటే అది వీపుకి వద్దు. కోసిన అంచు దానంతటదే చుట్టుకుపోతే అల్లిక గుడ్డే. నేతైతే అంచున నిలువు పోగులూ అడ్డ పోగులూ విడివిడిగా ఊడొస్తాయి. ఒక పోగు కాల్చి చూడండి: నూలు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. నాది పూస కట్టింది. మన ఎండల్లో అలాంటి గుడ్డలో బిడ్డను చుట్టడం ఎంత ఉడుకో వేరే చెప్పాలా.

గుడ్డ మంచిదే అయినా, మెడ పూర్తిగా నిలవని పిల్లల్ని వీపున కట్టకండి. గడ్డం ఛాతీకి అణిగిపోకూడదు, ముక్కూ నోరూ గుడ్డలో కూరుకోకూడదు, మోకాళ్లు పిర్రల కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. 2010లో అమెరికాలో పసిపిల్లలు చనిపోయాక బిడ్డను భుజానికి వేలాడేసుకునే ఒక రకం సంచీ స్లింగ్‌లను పది లక్షల దాకా వెనక్కి రప్పించారు. వాటి తీరు వేరైనా, బిడ్డను మోసే గుడ్డ విషయంలో అజాగ్రత్త ఎంత దూరం వెళ్తుందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

వెనక్కి తీసుకోమంటే "పిల్లల వస్తువులకి రిటర్న్ లేదు" అన్నారు. చెప్పినదొకటి, పంపినదొకటి అయితే వాపసు తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, డబ్బు ఇంకా రాలేదు. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. ప్రకటన, చాటింగ్, డబ్బు పంపిన రసీదు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. వాళ్లు ప్రకటన తీసేస్తారు, నా విషయంలో అదే చేశారు.

ఇప్పుడు అదే ఫొటో, బూడిద రంగు గుడ్డ, ఎర్ర అంచు, వేరే పేజీ పేరుతో మళ్లీ తిరుగుతోంది. మీకు కనబడితే డబ్బు పంపే ముందు గుడ్డని పొడవునా లాగి చూపించే వీడియో అడగండి. మా చెల్లి నంబరు నుంచి నేను అడిగాను, వెంటనే బ్లాక్ చేశారు.